పన్నెండేళ్ళు వెనకబడిన గడియారం

ఆదివారం ఆరాధన అయ్యి ఇంటికి వచ్చేసరికి నాయన తన టిఫిన్ డబ్బా కడిగి బోర్లించి పెట్టినాడు. రేపు పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి మళ్ళీ వస్తానని మేస్త్రీకి మాట ఇచ్చినాడంట. దగ్గు పట్టి నెల రోజులుగా ఇంట్లోనే ఉన్నాడు. ఇన్నేళ్ళు రాయి కోసే మిషన్ ముందు నిలబడిన మనిషికి ఇంట్లో కూర్చోవడం చేతకాదు.

“ఒంగోలు ఆసుపత్రి రిపోర్టు చూసినాక పోదువులే నాయనా,” అన్నాను.

“చూసేది ఎప్పుడు? మేస్త్రీ ఎన్నాళ్ళు ఆగుతాడు?”

రిపోర్టు తయారైందని శనివారమే మెసేజ్ వచ్చింది. నాది బటన్ ఫోన్, అందులో తెరుచుకోదు. మా సంఘం వాళ్ళు కొత్త కంప్యూటర్ కొన్నప్పుడు పాతది నాకు ఇచ్చినారు, సండే స్కూల్ పిల్లల పాఠాలు టైపు చేసుకోమని. నేను బడికి పోలేదు. నాయన తెచ్చిన అంచు విరిగిన పలకల మీద ఇంట్లోనే అక్షరాలు దిద్దినాను. అట్లాంటి నా ముందు దేవుడు కంప్యూటర్ పెట్టినాడని ఎన్నిసార్లు స్తోత్రం చెప్పుకున్నానో.

ఆ మధ్యాహ్నం రిపోర్టు కోసం దాని ముందు కూర్చున్నాను. రూటర్ లైట్లు పచ్చగానే ఉన్నాయి. వైఫై గుర్తు నిండుగా ఉంది. ఏ సైటు కొట్టినా అదే పేజీ, అదే ఎర్ర గుర్తు. ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. నా వివరాలు ఎవరో దొంగిలించాలని చూస్తున్నారేమో అని రాసి ఉంది. వెనక గదిలో నాయన దగ్గు మొదలై, ఎంతకీ ఆగలేదు.

మార్కాపురంలో సెల్ దుకాణం నడిపే, నాకు వరసకు తమ్ముడయ్యే అబ్బాయికి ఫోన్ చేసి ఎర్ర గుర్తు సంగతి చెప్పినాను.

“రూటర్ ఆపి మళ్ళీ వేసినావా అక్కా?”

“మూడుసార్లు. లోపల దొంగలు పడినారేమో తమ్ముడూ.”

“మీ కంప్యూటర్లో దొంగలకేముంది, బైబిలు పాఠాలు తప్ప? కింద కుడిపక్క తేదీ చదువు.”

చదివినాను. పన్నెండేళ్ళ కిందటి జనవరి ఒకటి.

“అదీ సంగతి. మీ కంప్యూటర్ గడియారం ఇంకా రాష్ట్రం విడిపోకముందే ఉంది. తేదీ అంత తప్పుంటే సైట్లు నమ్మవక్కా, తలుపు తియ్యవు. లోపల గుండీ అంత సెల్లు ఉంటుంది, కరెంటు లేనప్పుడు టైము గుర్తుపెట్టుకునేది అదే. అది అయిపోయింది. మీరు ప్లగ్గు పీకుతుంటారా?”

పీకుతాం. పక్కింటి టీవీ పిడుగుకు కాలిపోయినప్పటి నుంచి, నల్లమల వైపు మబ్బు కనపడితే చాలు, నాయన లేచి తీగలన్నీ పీకేస్తాడు. శనివారం సాయంత్రం కూడా పీకినాడు.

తమ్ముడు చెప్పినట్ల తేదీని ఏడాది తరువాత ఏడాది పైకి జరుపుతూ పోయినాను. నాయన వచ్చి నా వెనక నిలబడినాడు. ఆ ఏళ్ళన్నీ ఆయన మిషన్ దగ్గరే ఉన్నాడు. ఇంటికి వచ్చేటప్పుడు కనురెప్పల మీద కూడా బూడిద రంగు దుమ్ము ఉండేది, దులుపుకుని నవ్వేవాడు.

ఈసారి పేజీ తెరుచుకుంది.

“ఏమని రాసినారు?”

“రెండు ఊపిరితిత్తుల్లోనూ రాతి దుమ్ము పేరుకుందంట. ఇంక ఆ పనికి పోకూడదంట.”

“ఎప్పటి నుంచి ఉందంట?”

“అది రాయలేదు నాయనా.”

“మేస్త్రీకి ఫోన్ కలుపు, రేపు రానని చెప్తా,” అన్నాడు. తెల్లవారి ఆయన పనికి పోకముందే ఆ పేజీ తెరిపించినందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. పైకి కాదు, మనసులోనే చెప్పుకున్నాను.

పొద్దు వాలుతుండగా ఉరిమింది. అలవాటుగా నాయన లేచినాడు, నాలుగు అడుగులు వేసి గుమ్మం పట్టుకుని నిలబడిపోయినాడు. దగ్గు కూడా రావడం లేదు, ఊపిరి అందక ఎగపోస్తున్నాడు.

“నువ్వు కూర్చో నాయనా,” అన్నాను. రేపటికి గడియారం మళ్ళీ వెనక్కే పోతుందని తెలిసి కూడా, ప్లగ్గు నేనే పీకినాను.