గుర్రాన్ని వదిలిందెవరు?

నా నోరంటే గుర్రాలక్కూడా హడలని మా ఆయన అంటుండేవాడు. ఆయన మన్యం జ్వరంతో పోయాక గుర్రాల సాల నా నెత్తిన పడింది, నోరు ఇంకాస్త పెరిగింది. పందొమ్మిది వందల ఇరవైల నాటి మాట. అనంతగిరి మీదుగా ఘాటీ ఎక్కి అరకు లోయకు వచ్చే ఉద్యోగస్తులు, షావుకార్లు తమ గుర్రాలను మా సాలలో కట్టేసి కొండ గూడేలకు నడిచి పోయేవారు. వాళ్లు తిరిగి వచ్చేదాకా మేతా నీళ్లూ కాపలా మావి. సాల ఉన్న జాగా మాత్రం అడవి శాఖది. రేంజరుగారు పొమ్మంటే మర్నాడే మూటా ముల్లే సర్దుకుని కొండ దిగాల్సిందే.

సాలలో పని చూసేది ఒక కొండ తాత. మా నాన్నకంటే పెద్దవాడు. గుర్రం ఒళ్లు తడిమి దానికి ఎక్కడ నొప్పో చెప్పేవాడు. ఆయన నోట 'మీరు' అనే మాట రాదు. దేవుడికీ, దొరకీ, నాకూ ఒకటే 'నువ్వు'. మొదట్లో నాకు ఒళ్లు మండేది. తర్వాత తర్వాత, ఎవరైనా నన్ను 'మీరు' అంటే వీళ్లకేం కావాలో అని అనుమానం వేసేది.

సాలకు తలుపు లేదు. వాకిలికి అడ్డంగా నడుమెత్తున ఒక లావుపాటి వెదురు ఉండేది, అడ్డుకర్ర అనేవాళ్లం. ఆఖరున బయటికి వచ్చినవాళ్లు దాన్ని వేసి రావాలి. ఆ నియమం నేను పెట్టిందే. "తాతా, అడ్డుకర్ర ఏసినావా?" అని రోజుకు పదిసార్లు అరిచేదాన్ని. వేసి ఉండడం కళ్లారా చూస్తూ కూడా అరిచేదాన్ని. నా అరుపుల వల్లే గుర్రాలు నిలుస్తున్నాయని నా నమ్మకం.

రేంజరుగారి ఎర్ర గుర్రం దగ్గర మరీ జాగ్రత్తగా ఉండాలి. పగ్గం ఎంత గట్టిగా కట్టినా పళ్లతో ముడి విప్పుకునేది. దాన్ని ఆపేది అడ్డుకర్ర ఒక్కటే.

ఒక సంత రోజు ఉదయం రేంజరుగారు గుర్రం దిగి పగ్గం తాత చేతికిచ్చారు. ఆయనది గోదావరి వైపు, గొంతు పెద్దది. "దీన్ని నీకు వదిలి వెళుతున్నానురా, జాగ్రత్త" అన్నారు. తాత తల ఊపాడు. గుర్రాన్ని లోపల గుంజకు కట్టి, అడ్డుకర్ర వేసి, "ఉప్పు లేదమ్మా, డుంబ్రిగుడ సంతకెల్లి బేగి వచ్చేత్తాను" అని బయల్దేరాడు. నా పాట నేను పాడాను. కర్ర వేసే ఉంది.

మధ్యాహ్నం ఉడికిన ఉలవల కుండ పట్టుకుని నేనే లోపలికి వెళ్లాను. తొట్టిలో పోస్తుండగా వాన అందుకుంది. పెరట్లో ఎండబెట్టిన చోళ్లు, అంటే రాగులు, గుర్తొచ్చాయి. ఖాళీ కుండ చంకన పెట్టుకుని పరుగెత్తాను. చోళ్లు ఎత్తి, చాప దులిపి, వానను నాలుగు తిట్లు తిట్టాక అప్పుడు మెదిలింది అడ్డుకర్ర. వెళ్లి చూస్తే గుర్రం లేదు. కర్ర గోడకు ఆనించి ఉంది, నేను పెట్టిన చోటే.

గెడ్డ దాకా, ఆ వాగు వెంబడే పైదాకా వెతికాను. ఎక్కడా కనబడలేదు. కాళ్లీడ్చుకుంటూ తిరిగొచ్చేసరికి రేంజరుగారూ, ఆయన వెంట గార్డూ సాల ముందు నిలబడి ఉన్నారు. పక్కన గుర్రం. దారిలో వాళ్లకే ఎదురైందట. తడి బండల మీద జారి పడ్డట్టుంది, ముందు మోకాళ్లు రెండూ చితికి ఎముక కనబడుతోంది. అది వణుకుతోంది.

అంతలో ఉప్పు మూటతో తాత వచ్చాడు. గుర్రాన్ని చూశాడు, గబగబా సాలలోకి వెళ్లి చూసి బయటికి వచ్చాడు.

"ఎవడురా దీన్ని వదిలింది?" అన్నారు రేంజరుగారు.

"నానే వదిలినాను బాబూ" అన్నాడు తాత.

ఆయన చెప్పింది పొద్దుటి సంగతి అనుకున్నాను. గుర్రాన్ని సాలలో వదిలి వెళ్లింది తనేనని. రేంజరుగారి నోట ఉదయం విన్న మాటే అది. ఇప్పుడు రేంజరుగారు అడిగింది వేరు, కట్టు విప్పి తోలేసింది ఎవరని.

"వదిలి ఎక్కడికి పోయావు?"

"సంతకెల్లినాను బాబూ."

"తప్పు చేసి ఎంత ధీమాగా చెబుతున్నాడో చూడు! ఠాణాకు పట్టుకుపో వీణ్ణి" అని గార్డుతో అన్నారు.

ఆ రోజుల్లో కొండవాణ్ణి ఠాణాకు తీసుకుపోతే ఎలా తిరిగొస్తాడో అందరికీ తెలుసు. మా వెనక గూడెంలో ఒకతను తిరిగొచ్చాక మళ్లీ చెయ్యెత్తి చెట్టు ఎక్కలేదు. తాతకు ఆ వయసులో రెండు దెబ్బలు చాలు. గార్డు గుర్రం పగ్గంతోనే ఆయన చేతులు కట్టాడు. ఉప్పు మూట కింద పడి విడిపోయింది.

ఒక్క మాట చాలు. నాకు ఆ మాట తెలుసు. కానీ చెబితే సాల పోతుంది, నేను ఏ గడప ఎక్కాలి? నోరు పెగల్లేదు. తాత నా వైపు ఒక్కసారి చూశాడు, తర్వాత చూడలేదు. గార్డు వెనకాలే నడిచాడు. వాళ్లు వాకిలి దాటారు, చింతచెట్టు దాటారు, గెడ్డలో కాలు పెట్టారు. ఆ నీళ్ల చప్పుడు విన్నాక నా మీద నాకే అసహ్యం పుట్టింది.

"ఆగండి బాబుగారూ! కర్ర ఎయ్యనిది నాను!"

రేంజరుగారు నమ్మలేదు. "ముసలాణ్ణి కాపాడాలని చూస్తున్నావా?" అన్నారు. చెయ్యి పట్టి లాగినంత పని చేసి ఆయన్ను తొట్టి దగ్గరకు తీసుకెళ్లాను. "పొద్దుటెల్లినోడు మజ్జానం ఉలవలెలా ఎడతాడు? ఎట్టింది నాను. ఆకర్న వచ్చింది నాను."

ఆయన ఉలవలు వేళ్లతో నలిపి చూశారు. అవి ఇంకా తడారలేదు. చివరికి గార్డును కేకేసి వెనక్కు పిలిచి, నాతో, "నెలాఖరుకు ఈ జాగా ఖాళీ చెయ్యి" అని గుర్రాన్ని నడిపించుకుని వెళ్లిపోయారు.

తాత చేతుల కట్లు నేనే విప్పాను. ముడి బిగుసుకుపోయి నా గోళ్లు విరిగాయి. మణికట్ల మీద చర్మం లేచిపోయింది.

"సంతకెల్లినానన్నావు గానీ, కర్ర ఏసే ఎల్లినానని ఎందుకు సెప్పలేదు తాతా?" అన్నాను.

"తొట్టిలో ఉలవలు సూసినాను. నువ్వే అని తెలిసింది. నాను సెప్తే నీ మీదకొత్తాది గదా" అన్నాడు. వంగి, మట్టిలో కలవని ఉప్పు ఏరుకోసాగాడు. కాసేపటికి తలెత్తకుండానే అన్నాడు.

"బేగి సెప్తావనుకున్నానమ్మా."