ఆయుధ పూజకొక లెవెల్

మొన్న శనివారం యలహంకలో మా ఇంటి హాల్లో మా అబ్బాయీ, వాడి ఆఫీసు స్నేహితులూ చాప పరుచుకుని కూర్చుని, ఒకరు యోధుడిగా, ఇంకొకరు మాంత్రికురాలిగా తమను తాము ఊహించుకుని, ఒకడు కథ నడుపుతుంటే తక్కినవాళ్లు పాచికలు వేస్తూ ఆడే ఆట ఒకటి ఆడుకుంటున్నారు. కాఫీలు పట్టుకెళ్లిన నాకు, ఆ గుంపులోని అమ్మాయి తన మాంత్రికురాలు ఐదో లెవెల్‌కి వచ్చేసిందని మురిసిపోతూ చెప్పడం వినబడింది. ఊరుకోలేక, ఆట మొదలుపెట్టి ఎన్నాళ్లయిందమ్మా అని అడిగాను. ఇది మూడో వారం అంది. మూడు వారాలకే ఐదో లెవెలట! ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వచ్చేశాను గానీ, కడగడం మానేసి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఈ ఆట నాకూ తెలుసని ఆ పిల్లలకు చెప్పలేదు. చెబితే ఎక్కడినుంచి మొదలుపెట్టాలో తెలియక మానేశాను. నా ఈడువాళ్లు మీరైతే వింటారు, విసుక్కోరు.

తొంభైల నడిమి రోజుల్లో మేం బెంగళూరుకు దగ్గర్లోని ఆనేకల్‌లో ఉండేవాళ్లం. మాది నేతపని చేసే ఉమ్మడి కుటుంబం, పెత్తనమంతా మా పెదనాన్నది. ఆయనకు మాట తక్కువ, పట్టుదల ఎక్కువ. ఆయుధ పూజ నాడు మగ్గాలకు పసుపూ కుంకుమా పెట్టి, వాకిట్లో బూడిద గుమ్మడికాయ కొట్టాక, రానున్న ఏడాది ఎవరు ఏ మగ్గం మీద కూర్చోవాలో ఆయన చెప్పేవారు. దారం కండెలు చుట్టే పిల్లవాడు నూలు మగ్గం మీదికి, నూలు నేసేవాడు పట్టు మగ్గం మీదికి, అలా కదలిక అనేది ఏడాదికొక్కసారే. నడుమ ఎంత పని నేర్చుకున్నా, ఎంత బతిమాలినా, వచ్చే ఆయుధ పూజకు చూద్దాం అనేవారు. ఆయన నోట చూద్దాం అన్న మాట వచ్చిందంటే ఆ కోరికకు నీళ్లొదులుకున్నట్టే. ఆ పాటి కదలికైనా మగపిల్లలకే. ఆడపిల్లలం పెళ్లయి వెళ్లేదాకా రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టవలసిందే. బడి మానిపించాక నా పగళ్లన్నీ అక్కడే గడిచాయి. కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ తప్ప ఇంకేమీ కనిపించేది కాదు. ఆ గోడకు పెచ్చులు ఎక్కడెక్కడ ఊడాయో ఇప్పుడడిగినా బొమ్మ గీసి చూపించగలను.

మా పెదనాన్నకు ఒక్కడే కొడుకు, మా అన్నయ్య. బెంగళూరులో హాస్టల్లో ఉండి డిప్లొమా చదివాడు. పరీక్షలు గట్టెక్కగానే, ఇక చదివింది చాలని వాళ్ల నాన్న పిలిపించి మగ్గం మీద కూర్చోబెట్టారు. పెట్టెతో పాటు అన్నయ్య హాస్టల్ నుంచి తెచ్చుకున్నది ఈ ఆట నియమాల జెరాక్సు కట్ట ఒక్కటే. ఆదివారం మధ్యాహ్నం పెదనాన్న భోంచేసి నడుం వాల్చగానే మేం చప్పుడు కాకుండా మిద్దె మీది గదిలోకి చేరేవాళ్లం. అన్నయ్య కథ నడిపేవాడు. నేను మాంత్రికురాలిని, మా తమ్ముడు గొడ్డలి పట్టిన యోధుడు. చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుని మా ఇంట్లోనే ఉండిపోయిన మా అత్త ఏరికోరి దొంగ వేషం తీసుకుంది. అందరికంటే హుషారుగా ఆడేదీ ఆమే. ఈ ఆటకు కావలసిన ఇరవై ముఖాల పాచిక ఆనేకల్‌లో ఎక్కడ దొరుకుతుంది? ఖాళీ కండెల మీద అంకెలు వేసి, గంపలో కలిపి, కళ్లు మూసుకుని ఒకటి తీసేవాళ్లం.

కథలో మేం మొదటి నెలలోనే ఒక కొండ కింది గుహల్లోకి దిగాం. వెనక దారి కూలిపోయింది. బయటికి ఉన్నది ఒకే ద్వారం, దానికి ఒక రాక్షసుడి కాపలా. ఒకటో లెవెల్ వాళ్లం, వాడి గోటికి కూడా సరిపోం. పోనీ తొందరగా పెద్ద లెవెల్‌కి వెళదామంటే, రెండు మూడు సాహసాలకు ఒక లెవెల్ ఇవ్వవచ్చని ఆ జెరాక్సు కాగితాల్లో రాసి ఉన్నా, అన్నయ్య ససేమిరా అన్నాడు. మగ్గం మీదికి రావడానికే మన ఇంట్లో ఏళ్లు పడుతుంటే, మంత్రాలు నాలుగు ఆదివారాల్లో వచ్చేస్తాయా అని వాదించాడు. మా ఆటలోనూ లెవెల్ పెరిగేది ఆయుధ పూజకే అని తేల్చేశాడు. ఇంకేముంది, ఏడాది పొడుగునా గుహల్లో ఎలుకలనూ గబ్బిలాలనూ చంపుతూ తిరిగాం. ఇంట్లో ఎలుకలు చాలవని మిద్దెక్కి మరీ చంపుతున్నామని అత్త గొణిగేది. రెండో ఆయుధ పూజ వెళ్లింది, మూడోదీ వెళ్లింది. అందరం నాలుగో లెవెల్‌కి వచ్చాం. ఆ గుహల సందులు మాకు ఆనేకల్ వీధుల కంటే బాగా తెలిసిపోయాయి, నాకైతే మరీనూ, ఎందుకంటే ఆనేకల్ వీధుల్లో నేను తిరిగిందెప్పుడు గనుక.

ఆ రోజుల్లోనే మా ఊరికి దగ్గర్లోని బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీవాళ్లు రేడియో బోర్డుల మీద చిన్న చిన్న భాగాలు అతికించే పనికి అమ్మాయిలను తీసుకుంటున్నారనీ, పొద్దున్నే వ్యాను వచ్చి తీసుకెళుతుందనీ నాతో చదివిన ఒకమ్మాయి వచ్చి చెప్పింది. నా వేళ్లు సన్నని దారానికి అలవాటుపడ్డవి, ఆ పని నాకు చిటికెలో వస్తుందనీ అంది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. ధైర్యం చేసి పెదనాన్నను అడిగాను. ఆయన తలెత్తకుండానే, వచ్చే ఆయుధ పూజకు చూద్దాం అన్నారు. పండగ వెళ్లి నెలైనా కాలేదు. అంతవరకూ ఆ ఫ్యాక్టరీవాళ్లు నా కోసం ఆగుతారా? ఆ ఇంట్లోనే ముసలిదాన్నయిపోతానని భయమేసింది.

ఆ ఆదివారం ఆటలో మళ్లీ రాక్షసుడి చేతిలో చావుదెబ్బలు తిని వెనక్కి పరిగెత్తాం. తమ్ముడు ఒక్క లెవెల్ ఇవ్వమని బతిమాలితే, వచ్చే ఆయుధ పూజకు చూద్దాం అన్నాడు అన్నయ్య. అచ్చం వాళ్ల నాన్న గొంతే. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, పెదనాన్న ముందు మింగిన కోపమంతా అక్కడ కక్కేశాను.

"నువ్వు గూడా పెదనాయన మాదిరే ఉండావన్నా. ఆయన మనల్ని కిందింట్లో పెట్టి తాళమేసినాడు, నువ్వు ఈ గుహలో పెట్టి ఏసినావు."

అన్నయ్య కాగితాలు మడిచి మెట్లు దిగి వెళ్లిపోయాడు. వారమంతా నాతో మాట్లాడలేదు. మగ్గం మీద నుంచి ఒకటి రెండుసార్లు నా రాట్నం వైపు చూడడం మాత్రం గమనించాను.

మరుసటి ఆదివారం అందరికంటే ముందే మిద్దె మీదికి వచ్చి కూర్చున్నాడు. పండగా లేదు, పబ్బమూ లేదు, మా ముగ్గురికీ ఒక్కసారిగా ఏడో లెవెల్ ఇచ్చేశాడు. తమ్ముడు ఎగిరి గంతేశాడు. అత్త తన గాజుల్లేని చేతిని గంపలో పెట్టి కండె తీసింది. నా మంత్రానికి రాక్షసుడు కుప్పకూలాడు. ద్వారం తీశాం. అవతల ఏముందో చెప్పమని ముగ్గురం ఒక్కసారే అడిగాం. అన్నయ్య ఒళ్లోని కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. చివరికి నెమ్మదిగా, "బయట ఏముంటాదో నేను గీయనే లేదమ్మా" అన్నాడు. ఇన్నేళ్లలో గుహలోని రాయీ రప్పా గీశాడు గానీ, ఏనాటికైనా బయటపడతామన్న ఊహ అన్నయ్యకే రాలేదన్నమాట. నాకు అంతవరకూ ఉన్న కోపం కాస్తా ఏడుపుగా మారింది.

మర్నాడు పొద్దున నేను కండెలు చుట్టుకుంటున్నాను. పక్కగదిలో అన్నయ్య మగ్గం ఆగింది. బెంగళూరులో ఉద్యోగానికి పంపమని అన్నయ్య వాళ్ల నాన్నతో ఏటా పోట్లాడే సంగతి ఇంట్లో అందరికీ తెలుసు.

"పాపను బొమ్మసంద్రకు పంపించు నాయనా" అన్నాడు. మా ఇంట్లో పాప అంటే నేనే. "నేను ఇంక బెంగళూరు మాట ఎత్తను. ఈ మగ్గం ఇడిచి యాడికీ పోను."

పెదనాన్న మగ్గం కూడా ఆగింది, ఆయన గొంతు వినబడింది, పోనీ అని. మళ్లీ రెండు మగ్గాలూ ఆడడం మొదలుపెట్టాయి. నేను వెళ్లి వద్దన్నా అని చెప్పి ఉండవచ్చు. చెప్పలేకపోయాను, నాకు బయటపడాలని అంత ఆశగా ఉంది. ఆ నెలలోనే వ్యాను ఎక్కాను. కిటికీ పక్కన కూర్చుని, గోడ అడ్డం లేకుండా కదిలిపోతున్న పొలాలనూ షెడ్లనూ చూస్తుంటే కలిగిన సంతోషం, తరవాత పెళ్లిలో గానీ పిల్లాడు పుట్టినప్పుడు గానీ నాకు కలగలేదంటే మా ఇంటాయన నవ్వుతారు.

ఫ్యాక్టరీలో ఆదివారాలూ పని ఉండేది, నేను లేక మా ఆట దానంతటదే ఆగిపోయింది. రెండువేల సంవత్సరం దాటాక మర మగ్గాల ముందు నిలవలేక మా వీధిలో చేతి మగ్గాలు ఒక్కొక్కటే మూగబోయాయి. పెదనాన్న పోయేదాకా అన్నయ్య ఇచ్చిన మాట తప్పలేదు. ఆయన పోయాక మగ్గాలు విప్పేశారు గానీ, అన్నయ్య డిప్లొమాను చూసి పని ఇచ్చే కాలం అప్పటికే దాటిపోయింది. ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉన్నాడు.

పిల్లలు మూడు వారాలకే ఐదో లెవెల్‌కి వెళ్లడం చూసి మొదట కాస్త చిన్నచూపుగానే అనుకున్నాను, కష్టపడకుండా వచ్చిందని. ఇప్పుడలా అనుకోవడం లేదు. ఎక్కనివ్వండి, ఎవరి పండగ కోసమూ ఆగకుండా ఎక్కనివ్వండి. ఆ రోజు వాళ్లు వెళుతూ వెళుతూ గుమ్మంలో మాట్లాడుకున్నది నన్ను ఇంకా వదలడం లేదు. వచ్చే వారం కథ ఆ అమ్మాయి నడుపుతుందట, ఇన్నాళ్లూ నడిపినవాడు యోధుడై ఆడతాడట. ఇలా వంతులు వేసుకోవచ్చని అన్నేళ్లలో మాకెవరికీ తోచలేదు. కథ నడిపేవాడికి ఆటలో వేషం ఉండదు. మా ముగ్గురికీ లెవెళ్లు అన్నయ్య ఇచ్చాడు, అన్నయ్యకు ఇచ్చేవాళ్లు ఎవరూ లేకపోయారు.