నమూనాలో లేని పసుపు

మధ్యాహ్నం పూట వాణిజ్య చట్టం చదివితే నాకు నిద్ర రాదు, అదొక రకం మత్తు వస్తుంది. శ్రీకాకుళంలో నా అద్దె గదిలో ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతుంటే, ఓడకెక్కిన సరుకుకిచ్చే రసీదు, బిల్ ఆఫ్ లేడింగ్ అన్న మాట దగ్గర ఆగిపోయేదాన్ని. ఆ ఒక్క కాగితం చేతులు మారితే చాలు, నడిసముద్రంలో ఉన్న సరుకు కూడా చేతులు మారిపోతుందట. అదెలా ఉంటుందో ఊహించుకుంటూ గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. ఎగుమతి చేసేవాళ్లకి కాగితాలు తయారుచేసిపెట్టడం నా పని. నేను కంటితో చూడని జీడిపప్పు, నేను ముట్టని రొయ్యలు నా కాగితాల మీద ఎన్ని సముద్రాలు దాటాయో! అందులో నాకు పిసరంత గర్వం కూడా ఉండేది, దాచడమెందుకు.

ఆ గర్వంతోనే పొందూరులో ఉన్న మా మేనత్త కండువాలకి ఒప్పందం రాశాను. అత్త కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, రాట్నం మీద సన్నటి నూలు తీస్తుంది. మావయ్య నేస్తాడు. సముద్రం అవతల చలిదేశంలో బట్టల కొట్టు నడిపే ఒకావిడ, నా ద్వారా జానెడు ముక్క తెప్పించుకుని చూసి, ముప్పై తెల్ల కండువాలు కావాలంది. ఏడాది పని. అప్పటికే అత్త ఈ పనితో విసిగిపోయి ఉంది.

"ఈ ముప్పైయీ ఆయమ్మకి నచ్చితే ఇంకా వడుకుతాను. తిరిగొచ్చినాయంటే మరి రాట్నం ముట్టను, సెప్తన్నాను," అని తెగేసి చెప్పింది. అత్త అన్నదంటే చేస్తుంది.

అరుగు మీద కూర్చుని ఒప్పందం తెలుగులో చదివి వినిపించాను.

"ఇది నమూనా ప్రకారం అమ్మకం అత్తా. మనం పంపిన ముక్క ఎలా ఉందో సరుకంతా అలాగే ఉండాలి. తేడా ఉంటే తిప్పి పంపే హక్కు ఆవిడకుంది."

"తేడా ఎందుకుంటాదే? సెయ్యి ఒకటే కదా."

తరవాత ఎఫ్.ఓ.బి. అన్న షరతు గురించి చెప్పాను. విశాఖ రేవులో సరుకు ఓడ మీదికి చేరేదాకా ఏ నష్టం వచ్చినా మనది, చేరాక ఆవిడది. పూర్వం ఓడ అంచు దాటడమే హద్దు అనేవారు. అత్త దువ్వుతున్న పత్తి ఒళ్లో పెట్టుకుని ఆలోచించింది.

"అయితే క్రేను మీద గాల్లో ఏలాడతన్నప్పుడు అది ఎవులిదే?"

నాకు నవ్వొచ్చింది. పెద్ద పెద్ద లాయర్లు వాదించుకున్న ప్రశ్న మా అత్త పత్తి దువ్వుతూ అడిగేసింది. "అప్పటికింకా మనదే అత్తా," అన్నాను.

"పాపం," అంది అత్త, చంటిపిల్ల సంగతి విన్నట్టు.

చట్టం ఏమన్నా గానీ, ఆ రోజంతా నా కళ్ల ముందు ఒక తెల్ల కండువా నీలం నీళ్ల మీద ఎవరిదీ కాకుండా ఊగుతూనే ఉంది. బస్సులో కూడా ఊగింది. దిగాల్సిన చోటు దాటిపోయి, వెనక్కి నడిచి వచ్చాను.

ఏడాది గడిచి ముప్పైయీ తయారయ్యాక, పంపే రోజు అత్త తలస్నానం చేసి, గిన్నెలో పసుపు తడిపి, ప్రతి కండువాకీ ఒక మూల వేలితో బొట్టు పెట్టింది. గిన్నె పట్టుకున్నది నేనే. మడిచి పెట్టెలో సర్దింది నేనే. కొత్త బట్టకి పసుపు పెట్టడం పుట్టినప్పటినుంచీ చూస్తున్నానేమో, అసలు అదొక పని చేస్తున్నట్టే నాకు తోచలేదు. అంతకు ముందు పంపిన జానెడు ముక్కకి మాత్రం ఎవరూ పసుపు పెట్టలేదు. ముక్క బట్ట కాదు కదా.

రెండు నెలలకి కొట్టు ఆవిడ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ముప్పైకి ముప్పై, మూలన పచ్చటి మరకలు. నమూనాకి విరుద్ధం. అంగీకరించను, ఎక్కడికి తిప్పి పంపాలో చెప్పండి. అంతే. నేను రాసిన షరతునే నాకు అప్పజెప్పింది. నా మొహం మండ! ఏ పుస్తకం తిరగేసినా న్యాయం ఆవిడ వైపే ఉంది.

మర్నాడు పొద్దున్నే పొందూరు వెళ్లి చెప్పాను.

"ఓలమ్మోలమ్మ! పసుపుని మరక అన్నాదేటి?"

"ఆవిడకి తెలీదు అత్తా. తప్పు నాది. ముందే కాగితంలో రాయాలి, లేదంటే నిన్ను ఆపాలి."

"ఆపితే ఆగుతానేటి? పసుపెట్టని కొత్తగుడ్డ పీనుగు మీద కప్పడానికే. బతికున్న మనిషి బుజం మీదికి అలగెలగ పంపుతానే నాను?"

లోపం సవరించుకోవడానికి అమ్మినవాళ్లు గడువు అడగొచ్చని, ఉతికి ఎండలో ఆరేస్తే పసుపు పోతుందని రాస్తానని నసిగాను.

"పోతాది, ఎండకి పోతాది. గానీ ముందు ఎందుకెట్టినామో రాయి. తెలిసినాక ఉంచుకుంతాదో తిప్పేస్తాదో ఆయమ్మ ఇట్టం."

అని లేచి, రాట్నం మీద పాత చీర కప్పి గోడ వారకి జరిపేసింది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అక్కడే కూర్చుని ఫోనులో ఉత్తరం రాశాను. హక్కు, నిబంధన, గడువు అన్న మాటలు ఒక్కటీ రాయలేదు. పీనుగు మాట రాయాలా వద్దా అని చాలాసేపు తటపటాయించి, రాసేశాను.

తొమ్మిది రోజులు జవాబు లేదు. మధ్యాహ్నాలు పుస్తకం తెరిస్తే అక్షరాలు నిలవడం లేదు. ముఖం తెలియని ఒక మనిషి, మంచు పట్టిన కిటికీ దగ్గర కండువా పట్టుకుని ఎండ కోసం ఎదురుచూస్తున్నట్టు కనిపించేది. ఆ ఎండని ఇక్కడినుంచి పంపాలంటే ఏ కాగితం రాయాలో అని మగతలో ఆలోచిస్తూ ఉండిపోయేదాన్ని.

పదో రోజు వచ్చిన జవాబు పట్టుకుని బస్సెక్కాను. అత్త వంటింట్లో ఉంది. ఎదురుగా పీట మీద కూర్చుని చదివాను. రెండు కండువాలు కిటికీ దగ్గర ఆరేసిందట. అక్కడ ఎండ చాలక పసుపు సగమే పోయిందట. మిగిలినవి ఇక ఆరేయలేదట. 'ముప్పైయీ ఉంచుకుంటున్నాను. ఒకటి ఇప్పుడు నా భుజం మీదే ఉంది' అని రాసింది.

అత్త చెయ్యి కడుక్కుని వెళ్లి, రాట్నం మీది చీర తీసేసింది.

"ఇంకేటి రాసినాది?"

"పసుపు పెట్టినావిడ పేరేమిటని అడిగింది. ఒప్పందమంతా వెతికిందట."

"కాయితంలో నా పేరు నేదేటే?"

లేదు. అమ్మేవారన్న చోట నా పేరుంది, కింద నా సంతకం ఉంది.

"లేదత్తా," అన్నాను.

"గుడ్డెంత పొడుగో రాసినావు. ఓడ పేరు కూడా రాసినావు," అంది అత్త. గొంతులో కోపం కూడా లేదు. "మరిప్పుడు రాయి."