మూడో భాగానికి రిజర్వేషన్

విద్యార్థులు ఆవిడకు పెట్టిన పేరు ర్యాకులమ్మ. విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో వాపసు వచ్చిన పుస్తకాలను వాటి వాటి చోట్ల సర్దడం ఆవిడ పని. ముప్పై ఏళ్లుగా సర్దుతూనే ఉంది గాని, ఒక్కటంటే ఒక్క పుస్తకం ఇంటికి తీసుకెళ్లలేదు. సర్దేవాళ్లకు కార్డు ఇవ్వకూడదట, అదీ రూలు. వండే మనిషిని వాసన చూడొద్దన్నట్టుంది!

అయినా ఓ పెద్ద నవల రెండు భాగాలను దుమ్ము దులిపే వంకతో ర్యాకుల మధ్య నిలబడే చదివేసింది. రెండో భాగం చివర ఆ కథలోని ఇంటి పెద్దకూతురు తుఫానులో పడవెక్కి వెళ్లిపోతుంది. బతికిందో లేదో మూడో భాగంలో తేలాలి. ఆ మూడో భాగమేమో పదకొండేళ్లుగా ఒక ప్రొఫెసర్ గారింట్లో ఉంది. వేరెవరూ అడగనంత కాలం గడువు పొడిగించుకోవచ్చన్నది మరో రూలు. అడిగే నాథుడు లేక ఆయన ఆడింది ఆటగా సాగింది.

ఈ ఏడు సర్దేవాళ్లకూ కార్డులిచ్చారు. ర్యాకులమ్మకు కార్డు చేతికొచ్చేసరికి రిటైర్మెంటుకు ఇంక ఇరవై రోజులే. ఉద్యోగంతోపాటే కార్డూ చెల్లదు. ఆవిడ సంతోషం పట్టలేక, నడకో పరుగో తెలియకుండా కౌంటరు దగ్గరికి వెళ్లి మూడో భాగానికి రిజర్వేషన్ పెట్టింది. గుమస్తా నవ్వాపుకుంటూ ప్రొఫెసర్ గారికి నోటీసు పంపాడు. తిరిగివ్వడానికి ఆయనకు పది రోజుల గడువు.

ఆ పది రోజులూ ఆవిడ కాలుగాలిన పిల్లే. తలుపు చప్పుడైతే చాలు, సర్దుతున్న పుస్తకాలు వదిలి కౌంటరు వైపు తొంగిచూసేది. రిటైరయ్యాక ఏం చేస్తావని చెల్లెలు ఫోన్లో అడిగితే, ముందు ఆ పుస్తకం రానీ అంది. పదో రోజు మూసే వేళకు ప్రొఫెసర్ గారు పుస్తకం చంకలో పెట్టుకుని వగర్చుతూ వచ్చారు. ఇన్నేళ్లూ లేనిది ఇప్పుడెవరికి కావాల్సొచ్చిందని గుమస్తాను నిలదీశారు.

"నాకేనండీ," అంది ర్యాకులమ్మ, చేతిలో దులుపుగుడ్డతోనే.

ఆయన ఆవిడ మొహంకేసి చూడడం అదే మొదలు. పుస్తకంలో గుర్తుగా పెట్టుకున్న కాగితం తీసుకుని ఇచ్చేశారు. అది నలభయ్యో పేజీలో ఉంది. పదకొండేళ్లకు నలభై పేజీలు! ర్యాకులమ్మకు ఒళ్లు మండింది. కాని తన పేరున తేదీ ముద్ర పడ్డ పుస్తకం చేతికి రాగానే ఆ మంట కాస్తా చల్లారిపోయింది.

బస్సులో చదివింది, ఎడమచేత్తో పేజీలు తిప్పుతూ భోజనం దగ్గరా చదివింది. పడవ సంగతి తేలిన చోట పుస్తకం మూసి, తనివితీరా ఏడ్చి, మళ్లీ ఆ పేజీ మొదటినుంచి చదివింది. మర్నాడు తోటివాళ్లు ఏమైందేమైందని చుట్టుముట్టినా పెదవి విప్పలేదు.

ఆఖరి రోజు తిరిగివ్వడానికి వెళ్తే కౌంటరు దగ్గర ప్రొఫెసర్ గారు కూర్చుని ఉన్నారు. ఆవిడ తర్వాత రిజర్వేషన్ ఆయనదే. పుస్తకం అందుకుంటూ, ఆ అమ్మాయి బతికిందా అని గొంతు తగ్గించి అడిగారు.

"చెప్పనండీ. పద్నాలుగు రోజులుంది, చదువుకోండి. ఈసారి మాత్రం పొడిగింపు దొరకదు. మీ వెనక మా సర్దేవాళ్లు ఆరుగురు వరసలో ఉన్నారు. పడవ దాకా కథ వాళ్లకు నేనే చెప్పాను."