సీసం పోయిన కేజీ రాయి

నా చిన్నప్పుడు పుత్తూరు సంతలో మా తాత చింతపండు అంగడి తూకానికి పెట్టింది పేరు. ఆయన తక్కెడ పట్టుకుంటే పళ్లెం మీద వాలడానికి ఈగ కూడా జంకేదని బళ్లో గొప్పలు చెప్పుకునేదాన్ని. అందులో సగమైనా నిజమే.

ఇనప తూకపు రాళ్లకు అడుగున చిన్న గుంత ఉంటుంది. అందులో సీసం నింపి, తూకం సరిచూసి, తూనికలు కొలతల శాఖవాళ్లు దానిమీద ముద్ర కొడతారు. నాకు అదంతా ఏం తెలుసు? చేపల గాలానికి బరువు కావలసివచ్చి, మేకుతో కేజీ రాయిలోని సీసం పెళ్లగించేశాను. ఆ రాయితోనే తాత ఒక సంతంతా అమ్మాడు.

తర్వాతి వారం ఆ శాఖ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. రాళ్లన్నీ తిరగేసి చూస్తూ ఆ కేజీ రాయి దగ్గర ఆగిపోయాడు. తక్కెడలో ఒకవైపు తన రాయి, ఇంకోవైపు మాది పెట్టాడు. మా పళ్లెం పైకి లేచింది.

"ఏం పెద్దాయనా, నువ్వు కూడానా?"

తాత ఆ రాయి తీసి అడుగు తిరగేసి చూసుకున్నాడు. పక్క అంగడాయన మాత్రం "ఎవుర్నీ నమ్మేదానికి లేదబ్బా" అని నవ్వాడు.

ఇన్‌స్పెక్టరు గుంతలోని మేకు గీతలు చూశాడు, తాత వెనక నక్కిన నన్నూ చూశాడు. దగ్గరికి పిలిచి, రెండు చేతుల్లో రెండు రాళ్లూ పెట్టాడు.

"ఏది బరువు పాపా?"

ఎంత ఊపి చూసినా తెలియలేదు.

"నీకు తెలీలా. కొనుక్కునే అవ్వకీ తెలీదు. మా ఆఫీసు ఉండేది అందుకే" అన్నాడు.

వాళ్లిద్దరికే వినబడేట్టు, ఏడుస్తూ నిజం చెప్పేశాను. పిల్ల చేసిన పనే కదా అని ఇన్‌స్పెక్టరు కేసు రాయకుండా పుస్తకం మూయబోయాడు. తాత ఆపాడు.

"తీసింది బిడ్డే. తూసింది నేను గదా సార్. నా పేరు రాయండి."

అంతటితో ఊరుకోలేదు. లేచి నిలబడి సంతంతా వినేట్టు కేకేశాడు. "పోయిన వారం నాకాడ కేజీ లెక్కన కొన్నోళ్లంతా రండమ్మా. తక్కువ తూసినాను."

సంత మొత్తం నోరు తెరుచుకుని చూసింది. కొన్నవాళ్లూ వచ్చారు, కొననివాళ్లూ వచ్చారు. అందరికీ దోసిట్లో చింతపండు పెట్టి పంపాడు. నా పేరు వాళ్లెవరి ముందూ ఎత్తలేదు, ఇంటికెళ్లాక కూడా.

నేను ఇవాళ్టికీ నోటికొచ్చినన్ని కోతలు కోస్తాను. కానీ నా చేతిమీదుగా ఎవరికైనా తక్కువ చేరిందని తెలిస్తే, అది ఇంకెవరి తప్పో అని చెప్పడానికి మాత్రం నోరు రాదు.