పల్లవిలో ఐదో గొంతు

నిన్న సాయంత్రం మా అమ్మాయి ఫోనులో ఒక పాట పెట్టి, ఇది నీకు తెలిసే సంగీతం కాదులే అన్నట్టు నా మొహంలోకి చూసింది. పేరున్న నాలుగు బ్యాండ్ల నుంచి ఒక్కొక్క మేటిని ఏరి కూర్చిన సూపర్ గ్రూప్ అట, మెలోడిక్ పవర్ మెటల్ అట. డ్రమ్ములు గుర్రాల్లా దౌడు తీస్తుంటే వాటి మీద గిటారు తియ్యగా సాగడం, పల్లవి దగ్గరికి వచ్చేసరికి గొంతులన్నీ కలిసి పైకి లేవడం విని నాకు నవ్వొచ్చింది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. ఈమె పుట్టకముందే నేను చిత్తూరు దగ్గర ఐరాలలో ఆ మాదిరి పాటలు పాడినదాన్ని.

ఆ రోజుల్లో తిరుపతిలో చదువుకున్నవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అలాంటి క్యాసెట్టు ఒకటి దొరికితే అది చేతులు మారి మారి అరిగిపోయేది. అది విన్నాక నాకు పట్టిన పిచ్చి అంతా ఇంతా కాదు. చిత్తూరు పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో డ్రమ్ములు వాయించే మా బావను, చర్చిలో గిటారు వాయించే నా స్నేహితురాలి అన్నను, కాలేజీలో కీబోర్డు అంటే తానే అనుకునే మా తమ్ముణ్ణి ఒకచోట పోగుచేశాను. పాడటం నేను, పల్లవికి మాత్రం నలుగురం. నా అంత పైకి పాడే ఆడపిల్ల ఆ చుట్టుపక్కల లేదు, ఇందులో మొహమాటం దేనికి? ఆ క్యాసెట్టు పాటల్లో డ్రాగన్లుంటే నేను చంద్రగిరి కోట మీద పాట కట్టాను. ఐరాలలో మామ వాళ్ళ బెల్లం షెడ్డు ఖాళీగా ఉండే నెలల్లో అక్కడే మా సాధన.

తీరా చూస్తే ఎవరికి వారే యమునా తీరే. ఎవరి గుంపులో వాళ్ళు రాజులు, ఒకరికొకరు తగ్గరు. పల్లవిలో నలుగురం ఒక్కసారే గొంతెత్తి, ఒక్కసారే ఊపిరి అయిపోయి ఆగేవాళ్ళం. కోవెల గోష్ఠిలో పదిమందితో కలిసి రోజూ పాశురాలు చదివే మా నాయన చెవిన ఈ సంగతి పడింది. "నేనొచ్చి ఒక పూట వింటా. పాట మాదిరి ఉంటే పాడుకో, గోలైతే ఆడికే ఆపేయాల" అన్నాడు. ఆయన మాటంటే మాటే. నా ప్రాణమంతా ఆ పూట మీదే పెట్టుకున్నాను.

నాయన వచ్చి షెడ్డులో ఒక మూల కూర్చుని పాటంతా విన్నాడు. మా తమ్ముడి టేపు రికార్డరు తిరుగుతూనే ఉంది. "అందరూ పల్లకీ ఎక్కితే మోసేదెవరమ్మా? మా గోష్ఠిలో నేను ఊపిరి తీసుకునేటప్పుడు పక్కాయన మోస్తాడు, ఆయన తీసుకునేటప్పుడు నేను మోస్తా. ఇంగోసారి పాడండి" అన్నాడు.

ఈసారి ఒకరి తర్వాత ఒకరం ఊపిరి తీసుకుంటూ పాడాం, పల్లవి ఎక్కడా తెగలేదు. కానీ చివరి దీర్ఘం నా ఒక్కదానిది, భయంతో అక్కడ నాకు ఊపిరి అందలేదు. అంతా అయిపోయిందనుకున్నాను, అయినా స్వరం ఆగలేదు. నాయన కళ్ళు మూసుకుని దాన్ని మోస్తున్నాడు. ఆపమని మళ్ళీ ఎప్పుడూ అనలేదు.

ఇప్పటి మేటి గాయకులు ఎవరి ఊళ్ళో, ఎవరి గదిలో వాళ్ళు పాడి పంపిస్తారట, మధ్యలో ఊపిరి చప్పుడు వినిపిస్తే కత్తిరిస్తారట. పాట నున్నగా ఉంది, కాదనను. నేను మాత్రం మా పాత క్యాసెట్టు తీసి వినిపించాను. చివర్లో ఆ ఐదో గొంతు ఎవరిదని అమ్మాయి అడిగింది. నాయన పోయి ఏళ్ళయింది, అయినా క్యాసెట్టుతో కలిసి పాడుతూ ఆ చోటు వచ్చేసరికి నేను ఈ రోజుకీ నిశ్చింతగా ఊపిరి పీల్చుకుంటాను.