నీళ్లు పోయొద్దన్న పెద్దమ్మ

మా ఎదురింటి పెద్దమ్మ ఇక లేదు. మొన్న మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద నడుం వాల్చిందట. కోడలు కూరగాయల బండి దాకా వెళ్లి వచ్చేసరికి ప్రాణం లేదు. నేను డ్యూటీలో ఉన్నాను. నా భార్య ఫోన్ చేసి "పెద్దమ్మ పోయింది" అని మాత్రం అనగలిగింది. ఆ తర్వాత ఏడుపే వినిపించింది. రైలు పట్టాల పక్కన సామాన్ల పెట్టె మీద అలాగే కూర్చుండిపోయాను.

ఆమెను మీరెవరూ ఎరుగరు. నాందేడ్‌లో మా గల్లీ దాటితే ఆమె ఎవరో చెప్పగలిగే వాళ్లు లేరు. మహారాష్ట్రలోనే మర్ఖేల్ దగ్గరి ఒక పల్లెలో వ్యవసాయం చేసుకుని బతికిన మనిషి. భర్త పోయాక కొడుకు దగ్గరికి వచ్చింది. మాది నిజామాబాద్ వైపు. రైల్వే ఉద్యోగం మీద వచ్చి ఆమె ఎదురింట్లో దిగిన రోజు, మేం సామాన్లు దించుతూ తెలుగులో మాట్లాడుకోవడం విని గుమ్మం దాకా వచ్చింది. "మీరు మనోళ్లేనా?" అని అడిగింది. చుట్టరికం ఏమీ లేదు. ఆ ఒక్క మాటతో ఆమె మాకు పెద్దమ్మ అయింది.

ఆమె గురించి చెప్పాలంటే ముందు నా తప్పు చెప్పుకోవాలి. పదిహేనేళ్లు గుట్కా తిన్నాను. బుగ్గ లోపల పుండు లేచినా దాచుకున్నాను. ఇక దాచలేని రోజు వచ్చాక హైదరాబాద్‌లో ఆపరేషన్ చేశారు. దవడ ఎముకలో ఒక ముక్క తీసేశారు. తర్వాత కరెంటు పెట్టారు, క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్. ఇంటికి తిరిగొచ్చేసరికి నా నోరు ఒక చెంచా పట్టేంత మాత్రమే తెరుచుకునేది. మాట రాదు. ఏం కావాలన్నా పలక మీద రాసి చూపించేవాణ్ని. ముక్కులోంచి గొట్టం తీసేశాక, బలానికి ఏమేం తినాలో ఆస్పత్రి వాళ్లు ఒక కాగితం మీద రాసిచ్చారు. అందులో పీనట్ బటర్ అని ఉంది. నా భార్య బజారుకు వెళ్లి ఒక సీసా తెచ్చింది. మెత్తటిదో కాదో ఆమెకు తెలియదు. అందులో పలుకులు ఉన్నాయి. మొదటి చెంచాకే ఒక పలుకు పచ్చి పుండు మీద గుచ్చుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత చెంచా చూస్తేనే తల తిప్పుకునేవాణ్ని.

చూడడానికి వచ్చిన పెద్దమ్మ సీసా చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"గిదేంది బిడ్డా?"

"పల్లీల వెన్నంట పెద్దమ్మా. బలమంట. ఈయనకేమో సయిస్తలేదు."

పెద్దమ్మ సీసా కింద పెట్టి వెళ్లిపోయింది. మర్నాడు చిన్న స్టీలు డబ్బాలో ఏదో పట్టుకుని వచ్చింది. తను రోట్లో నూరిన పల్లి ముద్ద. నా భార్య అప్పటికే భయంతో సగమైపోయి ఉంది. బయటి తిండి పెట్టొద్దని, పుండుకు చీము పడితే మళ్లీ కోయాల్సి వస్తుందని డాక్టర్లు చెప్పి పంపారు. డబ్బా మూత కూడా తీయకుండా వెనక్కి నెట్టేసింది. "వద్దు పెద్దమ్మా. మీ రోలు, మీ చేతులు… ఏమనుకోకున్రి, ఇన్ఫెక్షన్ అయితదంట" అంది.

పెద్దమ్మ తన చేతుల వైపు ఒకసారి చూసుకుంది. డబ్బా కొంగు చాటున పెట్టుకుని వెళ్లిపోయింది.

నేను మంచం మీద నుంచి అంతా చూస్తున్నాను. పలక నా పక్కనే ఉంది. "తీసుకో" అని రాసి చూపించవచ్చు. రాయలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ రోజుల్లో నా మీద నాకే అసహ్యం. ఎవరి బాధా నాకు పట్టలేదు.

మూడు రోజులు ఆమె రాలేదు. నాలుగో రోజు పొద్దున వచ్చింది. చేతులు ఖాళీ. వాకిట్లోనే నిలబడి అంది:

"బిడ్డా, మీ ఇంట్లనే, మీ మిక్సీలనే, నీ చేతులతోనే చెయ్యి. నేను ఏదీ ముట్ట. ఈడ గడప మీద కూసోని చెప్త, గంతే."

నా భార్య లోపలికి నడిచింది. కళ్లు తుడుచుకుని పొయ్యి వెలిగించింది.

ఆ రోజు వంటింట్లో జరిగినదంతా నేను చెవులతోనే చూశాను. "మంట తక్కువ పెట్టు. మాడితె చేదైతది, ఆ చేదు పుండుకు మండుతది." పల్లీలు చిటపటమన్నాయి. "దించు. వేడి మీదనే నలువు, పొట్టు ఊడొస్తది." చాట చప్పుడు. "పప్పు చీల్చి చూడు, మొదట్ల చిన్న ముక్కు ఉంటది. అది గిల్లి పారెయ్. అదే నోట్ల తగులుతది." ఒక్కో పప్పు ముక్కు గిల్లేసరికి ఎంతసేపు పట్టిందో.

తర్వాత మిక్సీ. మొదట గరగరలాడింది. పొడి అయింది. కాసేపటికి గొంతు పూడినట్టు మూలిగి బ్లేడు తిరగడం మానేసింది. ముద్ద అంచులకు అంటుకుపోయింది.

"తిరుగుతలేదు పెద్దమ్మా. జరన్ని నీళ్లు పొయ్యనా?"

"థాంబ్! థాంబ్!" తొందరలో పెద్దమ్మకు మరాఠీ వచ్చేసేది, ఆగు అని. "నీళ్లు పొయ్యకు. మిక్సీ బంద్ చేసి జర సేపు సల్లారనియ్యి. చెంచతోని గీకి మళ్ల తిప్పు. దాని నూనె దానికాడనే ఉంటది బిడ్డా. ఓపికతోని తిప్పితే అదే ఇడుస్తది."

నా భార్య ఆపింది, గీకింది, తిప్పింది. ఎన్నిసార్లో లెక్క లేదు. ఉన్నట్టుండి చప్పుడు మారింది. మూలుగు పోయి చెరువులో బర్రె దిగినట్టు బుడుంగుమనే మెత్తని చప్పుడు. "ఆ, ఇడిసింది" అంది పెద్దమ్మ, గడప మీద నుంచి కదలకుండానే.

నా భార్య గిన్నె తీసుకెళ్లి ఆమెకు చూపించింది. పెద్దమ్మ ముట్టుకోలేదు. "నీ బొటనేలుకు ఏసుకోని రెండు వేళ్ల నడుమ రాసి చూడు. ఇసుక లెక్క ఏమన్న తగిలితె మళ్ల తిప్పాలె." మళ్లీ తిప్పింది. గోరువెచ్చని పాలలో కలిపి చెంచాతో నా నోట్లో పెట్టింది. ఎక్కడా గుచ్చుకోలేదు. నాలుగు నెలల తర్వాత ఒక రుచి నా నాలుకకు తెలిసింది. వేయించిన పల్లీల రుచి. మంచం మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. పెద్దమ్మ మాత్రం లేచి, "రేపు గిట్లనే చేస్కో, నేనస్త" అని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రెండు రోజులకోసారి వచ్చేది. వారం తిరిగేసరికి నా భార్యే ఆమె చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి, పల్లీలు ఆమె ముందు పోసి, "ముక్కులు నువ్వే గిల్లు పెద్దమ్మా, నా గోర్లతోని అయితలేదు" అంది. క్షమించమని అడగడం అదే. పెద్దమ్మ చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చుంది.

ఒకరోజు నా మంచం పక్కన కూర్చుని గిల్లుతూ, తనంతట తానే చెప్పింది.

"మీ పెద్దయ్యకు గూడ గిట్లనే అయ్యింది కొడుకా. తంబాకు. నోరు మూసుకపాయె. ఆయనకు పల్లీలంటె పానం. జేబుల ఎప్పుడు ఏంచిన పల్లీలే. నోరు తెరుస్తలేడు, కండ్లతోని అడుగుతుండు. నేను రోట్ల ఏసి నూరిన. ముద్దయి తిరుగుతలేదని నీళ్లు పోసిన. ఎంత నూరినా పలుకులే. ఆయన తినలేకపాయె. జావ తాగి తాగి ఎండుకపోయిండు."

చేతిలో పప్పు పక్కన పెట్టింది.

"ఆయన పొయ్యినంక ఒకనాడు రోలు ముందట కూసున్న. నూరుకుంట పోయిన. ఎందుకో తెల్వది. నీళ్లు పొయ్యబుద్ధి కాలె. నూరంగ నూరంగ నూనె ఇడిసింది. వెన్న లెక్క అయ్యింది. ఎవలకు పెట్టాలె? అప్పుడు నాకు తెల్వకపాయె కొడుకా. గంతే."

పలక అందుకున్నాను. ఆమెకు చదువు రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నేను కోలుకున్నాను. ఒంట్లోకి కండ వచ్చింది. మాట తిరిగి వచ్చింది, కొంచెం ముద్దగా. డ్యూటీలో చేరాను. చేరిన నెలలోపే, ఎందుకో నన్నడక్కండి, స్టేషన్ బయట ఒక గుట్కా పొట్లం కొని జేబులో పెట్టుకున్నాను. విప్పలేదు. విప్పనని నాకు నేనే చెప్పుకుంటున్నాను. ఇంటికొస్తుంటే పెద్దమ్మ తన వాకిట్లో నిలబడి ఉంది. పలచటి చొక్కా జేబులోంచి పొట్లం మెరుస్తోంది. ఆమె చూపు దాని మీద ఆగింది. తిడుతుందనుకున్నాను.

"మీ పెద్దయ్యను జూసిన. నిన్ను జూసిన," అంది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఇంకోపారి జూసే తాకత్ నాకు లేదు కొడుకా."

లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. పొట్లం అక్కడే మోరీ కాలువలో పారేశాను. మళ్లీ ముట్టలేదు.

ఆ మొదటి రోజు పలక మీద రాయనందుకు ఆమెను క్షమాపణ అడగాలని చాలాసార్లు అనుకున్నాను. ఆమె ఎదురుగానే ఉండేది. పొద్దున డ్యూటీకి వెళ్తుంటే జాగ్రత్త అన్నట్టు "పైలం" అనేది, సాయంత్రం వస్తుంటే "తిన్నవా?" అనేది. తిన్నాననేవాణ్ని. రేపు అడుగుదాం అనుకునేవాణ్ని. ఎదురిల్లే కదా, ఎక్కడికి పోతుంది అనుకున్నాను.

మూడో రోజు గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టడానికి వెళ్లాం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడితే, కాకి రూపంలో వచ్చి తింటారని నమ్మకం. ముందురోజు పెద్దమ్మ కోడలు మా ఇంటికి వచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"అన్నా, అత్తమ్మకు ఏం ఇష్టమో మీకేమన్న తెలుసా? నన్నెప్పుడు ఏదీ అడగలె. ఏది మిగిలితె అది తినేది. మా ఆయనను అడిగితె ఆయనకు గూడ తెల్వదంటుండు."

నేను నా భార్య వైపు చూశాను. ఆమె నా వైపు చూసింది. ఆ అన్ని నెలల్లో రోజు విడిచి రోజు మా ఇంటికొచ్చిన మనిషి మా ఇంట్లో చాయ్ తప్ప ఏమీ తినలేదు. ఆమె అందరినీ తిన్నావా అని అడిగింది. ఆమెను ఎవరం అడగలేదు.

చివరికి ఎవరికి తోచింది వాళ్లం చేసుకెళ్లాం. కోడలు జొన్నరొట్టె, పప్పు, వంకాయ కూర తెచ్చింది. కొడుకు బజారు నుంచి జిలేబీ తెచ్చాడు. నా భార్య పల్లి ముద్ద చేసింది. మెట్ల మీద ఆకు పరిచి అన్నీ వడ్డించాం. నది మీద ఎండ పడుతోంది. అవతల గట్టు మీద కాకులు ఉన్నాయి. ఆమె ఏది ముందు తింటుందో చూద్దామని, అందరం నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడ్డాం.